నాలుగో కొస

బుధవారం

నజీర్‌తో పందెం కాశాను. రాసుకుంటుంటే నాకే నవ్వు వస్తోంది. కానీ కాశాను, ఇక వెనక్కి పోయేది లేదు.

సాయంత్రం బడి విడిచాక బస్సు ఆఫీసు ముందు కూర్చున్నాం. నజీర్ అక్కడ టికెట్లిచ్చే గుమాస్తా. సిద్దిపేటకు రైలు లేకపోయినా రైల్వే వాళ్ళ బస్సు ఉంది కనుక, తాను రైల్వే మనిషినేనని వాడి గర్వం. నేను భూగోళం చెప్పే మాస్టరును. నిజాం రైలు దారుల పటమంతా కళ్ళు మూసుకొని గీయగలనని నా గర్వం. ఇద్దరు గర్విష్ఠులు ఒక బెంచీ మీద కూర్చుంటే ఇంకేమవుతుంది?

"నక్షా మీద వేలు తిప్పుడు ఎవడైనా తిప్పుతడు మాస్టర్‌సాబ్. బండ్ల తిరుగు, గప్పుడు తెలుస్తది" అన్నాడు.

"దసరా సెలవులల్ల నాలుగు కొసలు ముట్టొస్త. ఏమనుకున్నవ్?" అన్నాను.

నోరు జారింది. జారిన నోటిని నజీర్ అక్కడికక్కడే పట్టుకున్నాడు. దక్షిణాన ద్రోణాచలం, తూర్పున బెజవాడ, ఉత్తరాన బలార్షా, పడమట మన్మాడ్. పెత్రమాస పొద్దున, బతుకమ్మ మొదలయ్యే నాడు, ఇక్కడ బస్సు ఎక్కాలి. తొమ్మిదో నాడు, సద్దుల బతుకమ్మను చెరువుకు తీసుకుపోయే వేళకు ఇక్కడే దిగాలి. వెళ్ళినట్టు సాక్ష్యానికి ఒక్కో కొసలో ఒక ప్లాట్‌ఫారం టికెట్టు కొని తేవాలి. పైసల పందెం వద్దనుకున్నాం. నేను గెలిస్తే నజీర్ మా బడికి వచ్చి, పిల్లల ముందు నిలబడి నక్షాకు సలాం చేయాలి. ఓడితే నేను మా ఇంటి సద్దుల బతుకమ్మను నెత్తిన పెట్టుకొని నడిబజారు గుండా కోమటి చెరువు దాకా మోయాలి. ఆడవాళ్ళ మధ్య, మాస్టరునైన నేను!

లేచేటప్పుడు వాడు ఒక మాట అన్నాడు. "ఏడ ఇడిసిపెడ్తవో ముందుగాలనే అనుకో. పూట ఆలస్యమైతే వేరే బండితోని గుంజుకోవచ్చు. దినం ఆలస్యమైతే ఇడిసిపెట్టి పరువుతోని ఇంటికి రా."

"ఇడిసిపెట్టే జాగనే లేదు" అన్నాను.

గురువారం

ఐలవ్వకు చెప్పాను. నా భార్య బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టింది. తరువాత మెల్లగా అంది.

"ఈ యేడన్న బాలవ్వను తోల్కస్తవనుకున్న."

చెల్లెను తేవడం వచ్చే ఏడు చూద్దాం. మమ్మల్ని కన్న అవ్వ చనిపోయిన ఏడు ఇంట్లో పండుగే లేదు. నిరుడు యుద్ధం, బస్సులు సరిగా నడవలేదు. ఈ ఏడు పందెం. ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డం వస్తుంటే నేనేం చేసేది?

అయినా బలార్షా బండి బెల్లంపల్లి మీదుగానే పోతుంది. బాలవ్వ అత్తగారి ఊరు అదే. బావ అక్కడ బొగ్గుబాయిలో పని చేస్తాడు. బండి ఆగినంతసేపు చెల్లెను కళ్ళారా చూడవచ్చు. ఆ బాయిలోనే పనిచేసే మన ఊరి ఇస్తారి రేపు తిరిగి పోతున్నాడు. వాడితో చెప్పి పంపాను: "వచ్చే గురువారం పొద్దటి బండికి మీ అన్న వస్తుండు, స్టేషన్‌కు రమ్మన్నడని చెప్పు."

ఐలవ్వకు కూడా ఈ మాట చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. నా ముఖం వంక చూసి, "అంతేనా, ఇంకేమన్న చెప్పినవా?" అంది. ఇంకేం చెప్పాలి?

శనివారం, ఎంగిలిపూల బతుకమ్మ

నేను బయలుదేరేసరికి వాకిట్లో గునుగు, తంగేడు కుప్పలు పోసి ఉన్నాయి. వెనక్కి చూడకుండా వచ్చేశాను. శకునం కోసం.

బొగ్గుతో నడిచే బస్సు. ప్రజ్ఞాపూర్‌లో ఆగిపోయింది. డ్రైవరు పొయ్యి కెలుకుతుంటే మేమంతా చాయలు తాగాం. రైలు పందానికి బస్సే మొదటి శత్రువు. సికింద్రాబాద్ చేరేసరికి ముఖం నల్లబడింది గాని, బండి అందింది.

ఆదివారం, అటుకుల బతుకమ్మ

ద్రోణాచలం. మొదటి కొస. టికెట్టు ఇచ్చే ఆయన "ఎవరిని ఎక్కించడానికి వచ్చారు?" అని అడిగాడు. "నన్నే" అన్నాను. చాలాసేపు చూశాడు.

నాకు ఎంత సంతోషంగా ఉందో! నక్షాలో నల్లగీత ఆగిపోయే చోట నిజంగా ఒక ఊరుంది, వేపచెట్టుంది, మేకలున్నాయి. పిల్లలకు చెప్పాలి.

సోమవారం

ముద్దపప్పు రోజు. ఐలవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టెలు అయిపోయాయి. వెల్లుల్లి కారం మిగిలింది.

అవ్వ ముద్దపప్పులో నెయ్యి ఎంత వేసేదంటే...

బెజవాడ బండి ఎక్కాను.

మంగళవారం

బండి దారిలో నిలిచిపోయింది. ముందు ఏదో గూడ్సు పట్టాలు తప్పిందట. పొద్దున చేరవలసిన బెజవాడకు దీపాలు పెట్టే వేళకు చేరాను. పూట ఆలస్యం. నజీర్ లెక్క ప్రకారం గుంజుకోవచ్చు. రెండో టికెట్టు జేబులో ఉంది. కృష్ణ ఒడ్డుకు కూడా పోలేదు.

ఇది వదిలే జాగా కాదు.

బుధవారం, అట్ల బతుకమ్మ

బెజవాడ నుంచి కాజీపేట వస్తుంటే పెట్టె నిండా యుద్ధం నుంచి ఇండ్లకు పోతున్న సిపాయిలు. ఒకడు కొండపాక వాడు, పేరు పోశయ్య. నాది సిద్దిపేట అనగానే పక్కనున్న తన ట్రంకు దించి నాకు చోటు చేశాడు.

"బస్రా కాడికెల్లి వస్తున్న పంతులూ. మూడేండ్లాయె. జనగామల దిగి సిద్దిపేట బస్సెక్కిన్నంటే తెల్లారెటాళ్లకు మా అవ్వ ముందట ఉంట. నువ్వేడికెల్లి?"

చెప్పాను. పందెం, నాలుగు కొసలు, టికెట్లు, అన్నీ. మెచ్చుకుంటాడనుకున్నాను.

"నేను మూడేండ్ల సంది ఇంటికి పోవాల్నని ఏడుస్తున్న. నువ్వు పండుగ పూట ఇల్లు ఇడిసి టికెట్లు కొననీకి తిరుగుతున్నవా?"

పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను కాజీపేటలో దిగేటప్పుడు "మా ఊరి దిక్కు పోతె మా అవ్వకు చెప్పు, కొడుకు వస్తుండని" అన్నాడు. వాడే ముందు చేరతాడని వాడికి గుర్తే లేదు, పాపం. సంతోషం అలాంటిది.

గురువారం, అలిగిన బతుకమ్మ

బలార్షా స్టేషన్‌లో కూర్చొని రాస్తున్నాను. మూడో టికెట్టు కొన్నాను. తిరుగు బండికి ఇంకా సమయం ఉంది. పొద్దున జరిగింది రాయాలి.

బెల్లంపల్లిలో బండి ఆగింది. కిటికీలోంచి తల బయటపెట్టాను. బాలవ్వ కనబడింది. కొత్త చీర, చేతి నిండా గాజులు, నుదుట పెద్ద బొట్టు. పక్కన బట్టలు సర్దిన సందుక. సందుక మీద మూట. వెనక ఆమె అత్త దుర్గవ్వ.

"అన్నా! గీడ! గీడ!" అంటూ పరుగెత్తుకొచ్చి, నా చేయి కూడా ముట్టకుండా, సందుక ఎత్తి కిటికీలోంచి లోపలికి తోయబోయింది.

అప్పుడు అర్థమైంది నాకు. పెత్రమాస దాటాక "అన్న వస్తుండు" అంటే ఈ దేశంలో ఒక్కటే అర్థం. తోల్కపోను వస్తుండని. పిల్లలకు దేశాలూ నదులూ చెప్పే నాకు ఆ ఒక్క ముక్క తెలియలేదు. తెలియకనేనా?

"రెండేండ్ల సంది నీ తొవ్వ జూస్తుంది బిడ్డా" అంది దుర్గవ్వత్త. "పో బిడ్డా, పుట్టింటికి పో అని పొద్దుగాలనే బొట్టు పెట్టి సాగదోలిన."

"అత్తా, నాకు బలార్షాల జెర పనున్నది. పొద్దుమీకి బండికి మర్లి వస్త. గప్పుడు తీస్కపోత" అన్నాను.

"పండుగ పూట ఏం పనన్నా?"

"బడి పని చెల్లె."

బాలవ్వ వెంటనే నమ్మింది. సందుకను మళ్ళీ కిందికి దించుకుంది. నేను "ఇంటికి పోయి ఉండు" అంటే, అత్త చేయి అడ్డం ఊపింది. "సాగదోలిన పిల్లను మర్ల ఇంట్లకు ఎట్ల తీస్కపోత? మంచిది కాదు. గీడనే కూసుంటం తియ్."

బండి కదిలింది. ఇద్దరూ సందుక మీద కూర్చోవడం కనబడింది.

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. వాళ్ళు అక్కడే ఉండి ఉంటారు.

లెక్క వేశాను. పందెం ఏమీ చెడలేదు. చెల్లెను రేపు జనగామలో సిద్దిపేట బస్సు ఎక్కిస్తాను. ఇంట్లో ఐలవ్వ ఉండనే ఉంది. నేను అదే బండిలో సికింద్రాబాద్ పోయి మన్మాడ్ బండి అందుకుంటాను. ఆదివారం చెరువు వేళకు సిద్దిపేట చేరతాను. చెల్లెకు పుట్టిల్లూ దక్కుతుంది, నాకు గెలుపూ దక్కుతుంది. ఎవరికీ నష్టం లేదు. చాలా మంచి లెక్క.

రాత్రి, బండిలో

లెక్క చెడింది. నా నోటి వల్లనే.

సాయంత్రం దిగేసరికి బాలవ్వ ముఖం బొగ్గుపొడితో నల్లబడి ఉంది. నన్ను చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. అత్త నా చేతిలో సందుక పెట్టి అంది: "నా కోడలు కాదు బిడ్డా, నా బిడ్డనే. కానీ పండుగొచ్చిందంటే ఆకిట్ల నిలవడి మీ ఊరి దిక్కు జూస్తది. నాకు పానం ఉసూరుమంటది. సల్లగ తీస్కపో."

బండిలో బాలవ్వ ఒకటే మాటలు. వదిన లావయిందా? అవ్వ నేతి గురిగి ఇంకా ఉందా? నజీర్ వాళ్ళమ్మ బీబీజాన్ పెద్దమ్మ వాకిట్లో బంతులు పూశాయా? నాకు ఆనందమైంది. ఆనందమైతే నా నోరు ఆగదు. నజీర్ పందెం చెప్పేశాను. ద్రోణాచలంలో "నన్నే" అన్న మాట చెప్పాను. మూడు టికెట్లూ తీసి సంచీ మీద వరసగా పేర్చి చూపించాను. పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది.

"అయితే నువ్వు నా కోసం రాలేదా అన్నా?"

నేను టికెట్లు సర్దుకోవడం మొదలుపెట్టాను.

కిటికీ వైపు తిరిగింది. అప్పటినుంచి మాట లేదు. ఇవాళ బతుకమ్మ అలిగిందని ఎవరూ ఆడరు. మా పెట్టెలోనూ అదే. పల్లికాయలు కొనిచ్చాను, ముట్టలేదు. బతిమాలాను. "అలక తీరాలంటే ఏం కావాలె?" అని అవ్వ అడిగినట్టే అడిగాను. అది తప్పయింది. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

శుక్రవారం, వేపకాయల బతుకమ్మ

ఇంట్లో కూర్చొని రాస్తున్నాను. అవును, మా ఇంట్లో.

పొద్దున కాజీపేటలో సికింద్రాబాద్ బండి ఎక్కాం. పాడుబండి, ఈ ఒక్కరోజే సరైన వేళకు నడిచింది. ఆలస్యమై ఉంటే ఎంత బాగుండేది! పందెం అదే పోయేది, నేను ఏదీ నిర్ణయించుకోవలసిన పని ఉండేది కాదు. నజీర్ చెప్పిన లెక్క ఆలస్యానికే. అన్నీ సరిగ్గా నడుస్తున్నప్పుడు ఎక్కడ వదలాలో వాడు చెప్పలేదు.

జనగామ దగ్గర పడుతుంటే బాలవ్వ రాత్రి తరువాత మొదటిసారి మాట్లాడింది.

"నువ్వు దిగకు. సందుక అందియ్యి, చాలు. బస్సు నేనే ఎక్కుత."

"ఎక్కిచ్చి వస్త చెల్లె."

"నువ్వు దిగితే బండి పోతది. ఇంత తిరిగి పందెం పోగొట్టుకుంటవా?" అని, సందుక దగ్గరికి జరుపుకొని, "వాడకట్టుల ఎవలన్న అడిగితే మా అన్ననే తోల్కచ్చిండని చెప్త. వెనుక బండికి వస్తుండంట" అంది.

బండి ఆగింది. సందుక అందించాను. నెత్తిన పెట్టుకుంది. కొంగు బిగించి నడుముకు దోపుకొని, ఒక చేత్తో సందుక పట్టుకొని, బస్సు ఎటు అని ఒక ముసలాయనను అడుగుతోంది. వెనక నుంచి చూస్తే అచ్చం అవ్వ. ఆ దోపుకోవడం, ఆ మెడ నిలపడం.

ఈల వేశారు. బండి కదిలింది. నా పరువు నిలపడానికి నా చెల్లె అబద్ధం సిద్ధం చేసుకొని పోతోంది, నేను కిటికీ దగ్గర సీటు కాపాడుకుంటున్నాను.

దూకాను. ఎలా దూకానో తెలియదు. మోకాలు చీరుకుపోయింది, ఒక చెప్పు పోయింది.

బాలవ్వ వెనక్కి తిరిగి చూసి, సందుక కింద పడేసి పరుగెత్తుకొచ్చింది. "అన్నా! పడ్డవా? నీ సంచేది?"

"బండ్ల పోయింది."

"టికెట్లు?"

"సంచిల."

నన్ను చూసింది. పోతున్న బండిని చూసింది. ఆ తరువాత ప్లాట్‌ఫారం మీదనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకొని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. "మూడు కొసలు గూడ పాయె! నీ పందెం పాడుగాను!" ఆ నవ్వులోనే అలక తీరింది. ఈ పుస్తకం అంగీ జేబులో ఉండబట్టి బతికింది.

ఇక్కడ ఒక మాట రాయాలి. పది రోజులుగా ఈ పుస్తకంలో దాని చుట్టే తిరుగుతున్నాను. సెలవులూ నక్షాలూ కాదు. అవ్వ లేని వాకిట్లో పూలు కుప్పపోస్తుంటే నేను చూడలేను. బాలవ్వ వస్తే అవ్వ లేదన్నది రెండింతలవుతుందని భయపడ్డాను. అందుకే తేలేదు. అందుకే రైలెక్కాను. ఆమెకు కూడా అవ్వ పోయిందన్నది నాకు తట్టలేదు.

బస్సు చేర్యాల దాటాక ఆగిపోయింది. బొగ్గు బస్సుకు జై! పొయ్యి రాజేసేలోపు బాలవ్వ రోడ్డు పక్కన తంగేడూ గునుగూ కోసి, నా పంచె కొంగు నిండా నింపింది. ఒంటి చెప్పుతో పూలు మోస్తూ సిద్దిపేటలో దిగాను.

నజీర్ కిటికీలోంచి చూసి బయటికి వచ్చాడు. "రెండు దినాలు ముందుగాలనే వచ్చినవ్! మన్మాడ్ ఎగిరి పోయొచ్చినవా? సబూత్ చూపియ్, టికెట్లేవి?"

"లేదు. ఒక్కటి గూడ లేదు."

"ఏడ ఇడిసినవ్?"

"జనగామల."

వాడు నా వెనక నిలబడ్డ బాలవ్వను చూశాడు. సందుకను చూశాడు. "సలాం చెల్లె, మంచిగున్నవా?" అని, నా చేతిలోని పూలకేసి చూస్తూ, "మంచి జాగల ఇడిసినవ్ మాస్టర్‌సాబ్" అన్నాడు. మరుక్షణమే వేలు చూపించాడు. "కానీ పందెం పందెమే."

గడపలో ఐలవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి బాలవ్వ కాళ్ళకు పోసింది. నన్ను చూసి, "నీ చెప్పేది?" అంది. అంతే. ఆ గొంతు చాలు నాకు.

శనివారం

వెన్నముద్దల రోజు. వదినా మరదళ్ళు ఒక్కటై నన్ను ఇంట్లోంచి తరిమారు. మోకాలికి పసుపు పెట్టారు, చాలా మంట.

ఆదివారం, సద్దుల బతుకమ్మ

పొద్దున్నుంచి ఇద్దరూ పేర్చారు. బీబీజాన్ పెద్దమ్మ నజీర్‌తో గంపెడు బంతిపూలు పంపింది. ఐలవ్వ "ఇగ చాలు, ఆయన మోయాలె గద" అంటే బాలవ్వ వినలేదు. "అవ్వ పేర్చినంత ఎత్తు ఉండాలె. ఓడినోడు మోస్తడు" అంది. అవ్వ పేర్చినంత ఎత్తే పేర్చింది. పైన పసుపు గౌరమ్మను నిలిపి మొక్కింది. నేను గడపలో నిలబడి చూశాను. చూడగలిగాను.

ఇత్తడి తాంబాళం నెత్తి మీద పెట్టారు. రెండు చేతులతో పట్టుకున్నాను. బజారులోకి వచ్చేసరికి జనం నిలబడిపోయారు. "మాస్టరు బతుకమ్మ! మాస్టరు బతుకమ్మ!" అని ఎవరో అరిచారు. బడి పిల్లలందరూ ఉన్నారు. బడి తెరిచాక నక్షా ముందు నిలబడి నేనేం చెప్తానో! నజీర్ తన గెలుపును కళ్ళారా చూడడానికి పక్కనే నడుస్తున్నాడు. మెడ విరుగుతోంది. అయినా నాకు నవ్వే వస్తోంది.

చెరువు దగ్గర పడుతుండగా వెనక బాలవ్వ పాట ఎత్తింది. ఆడవాళ్ళంతా ఉయ్యాలో అని అందుకున్నారు. ఆ ఎత్తిన గొంతు అవ్వది. సాగదీసే చోట సాగదీసి, ఊపిరి తీసుకునే చోట తీసుకొని, అచ్చం అవ్వ గొంతు. నేను ఇన్నాళ్ళూ పారిపోయింది దీని నుంచేనా? ఇది నా వెనకే, నా ఇంటి పూల వెంటే నడిచి వస్తోంది.

కన్నీళ్ళు కారాయి. ఆగలేదు. రెండు చేతులూ తాంబాళం పట్టుకొని ఉన్నాయి, తుడుచుకునే వీలు లేదు. ఊరంతా చూసింది.

నజీర్ చూశాడు. జేబులోంచి తన రుమాలు తీసి, నడుస్తూనే నా ముఖం తుడిచాడు. ఒకసారి కాదు, చెరువు దాకా తుడుస్తూనే ఉన్నాడు.

"పసుపు కండ్లల్ల పడ్డట్టుంది మాస్టర్‌సాబ్" అన్నాడు, అందరికీ వినబడేలా.

"ఔ" అన్నాను.